గట్టిగా సదువమ్మీ

కోరాపుట్‌లో ఓ ఫార్మసీ కాలేజీ వాళ్ళు మందుల షాపుల వాళ్ళకి ట్రైనింగు పెడితే నేనూ వెళ్ళాను. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. అప్పటికి పొట్టంగిలో ఒక డిస్పెన్సరీలో మందులిచ్చే పని నాది. డిప్లొమా చదివిన పిల్లలకి సర్టిఫికెట్టు చేతికి రావాలంటే కొన్ని నెలలు ఏదో ఒక షాపులోనో ఆసుపత్రిలోనో నిలబడి పని నేర్చుకోవాలి. అలాంటి పిల్లలని నా దగ్గరకు పంపిస్తామన్నారు. పంపించే ముందు, ఎలా నేర్పాలో నాకు నేర్పుతారట. నేర్పే మనిషిని ప్రిసెప్టరు అంటారని బోర్డు మీద రాసి మరీ చెప్పారు. నాకు ఆ మాట కొత్త కాదు.

భోజనాలయ్యాక ఒక సారు లేచాడు. "స్టూడెంటు చేత గట్టిగా చదివించండి. పేషెంటు తెచ్చిన చీటీ చదవాలి. మీరు తీసిన మందు మీద పేరు చదవాలి, పవరు చదవాలి, తేదీ చదవాలి. మీ చెవిన పడ్డాకే మందు చెయ్యి దాటాలి. ఇది మాకు రాయగడలో ఒక పాత ప్రిసెప్టరు దగ్గర దొరికిన పద్ధతి" అన్నాడు. అందరూ తలలూపారు. కొందరు రాసుకున్నారు కూడా. నేను మాత్రం లేచి వరండాలోకి వచ్చేశాను. పక్క కుర్చీ ఆయన వెనకాలే వచ్చి ఏమైందని అడిగితే, పులిహోర పడలేదన్నాను.

ఆ పాత ప్రిసెప్టరు షాపులో మొట్టమొదట గట్టిగా చదివిన స్టూడెంటుని నేనే. పద్ధతీ లేదు, పాడూ లేదు. ఆయనకి కళ్ళు పోతున్నాయి, అందుకని నా చేత చదివించుకున్నాడు. అంతే.

ఆయన ఇప్పుడు లేరు. నా దగ్గరకొచ్చే పిల్లల చేత నేనూ గట్టిగానే చదివిస్తాను. ఎందుకు మేడమ్ అని అడిగితే ట్రైనింగులో చెప్పారంటాను. ఆయనా నాతో అదే అన్నారు మరి.

తొంభైల చివర్లో నా చదువు అయింది. మా అమ్మ రాయగడలో నర్సు. బజారు రోడ్డులో మందుల షాపు పెట్టుకున్న ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేది. ఆ వరస పట్టుకుని ఆయన నాకు మావయ్యగారు, ఆయన భార్య అత్తయ్యగారు. వాళ్ళు కోమట్లు, పార్వతీపురం నుంచి వచ్చిన కుటుంబం. మేం క్రైస్తవులం. వాళ్ళింట్లో నాకు ఎప్పుడూ తేడా తెలియలేదు గానీ తిట్లకి మాత్రం లోటుండేది కాదు. వాళ్ళ నాన్నగారు అదే గదిలో బెల్లం, చింతపండు అమ్మేవారట. వాన పట్టిందంటే ఆ గోడలు అప్పటికీ చింతపండు వాసన వేసేవి. ఈయన ఫార్మసీ చదువుకుని అక్కడే మందులు పెట్టారు. ఇంటి వెనక భాగంలో కాపురం, ముందు షాపు.

మొదట్లో నన్ను కౌంటరు దరిదాపులకి రానివ్వలేదు. పొద్దున్న వెళ్ళగానే చీపురు, ఆ తర్వాత గుడ్డ. అరలు తుడవాలి, డబ్బాలు దింపాలి, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టాలి. వేలెడు అటూ ఇటూ అయితే ఆయన గొంతు ఎదురు షాపుదాకా వినబడేది.

"ఏటి ఆ తుడవడం? నేల మీద దుమ్ము తీసి మందుల మీద పెడతన్నావేటి?"

"మీ అరల్లో ఉన్న దుమ్మే మావయ్యగారూ. నేను ఇంటి దగ్గర్నుంచి తేలేదు."

"నోరు సూడు దీనికి! ఓసేయ్, ఇలా రా, మీ కోడలు ఏటంటందో విను!"

అత్తయ్యగారు లోపల్నుంచి నవ్వుతూ వచ్చేవారు. "మీకు తగ్గదే దొరికింది. ఊరుకోండి" అనేవారు. నాకు కోపం తొందరగా వస్తుంది. ఇప్పుడూ అంతే. సాయంత్రం ఇంటికెళ్ళి, నేను చదివింది ఊడవడానికా అని అమ్మ మీద విరుచుకుపడేదాన్ని. ఆయన దగ్గర నేర్చుకోవడమంటే అంతే, పని ఎలా చేస్తున్నాడో చూడు, చేతిలో పడ్డ తిట్టు పట్టుకో అని అమ్మ చెప్పేది. నాకేం నచ్చేది కాదు.

అప్పుడే ఆ కోరాపుట్ కాలేజీ వాళ్ళు కబురు పెట్టారు. స్టూడెంట్లని పెట్టుకునే షాపుల వాళ్ళందరూ ట్రైనింగుకి రావాలి, రాకపోతే ఇక పిల్లలని పంపం అన్నారు. మావయ్యగారు అగ్గిమీద గుగ్గిలమైపోయారు. "నా తల నెరిసింది ఈ కౌంటరు కాడ. ఇప్పుడు నాకు పాఠం సెప్తారట! వాళ్ళ మొకం, వాళ్ళేటి సెప్తారు?" అని రోజంతా ఎగిరారు. వెళ్ళరనే అనుకున్నాం. తెల్లారేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కారు. లక్ష్మీపురం ఘాటీ మలుపుల్లో వాంతులు చేసుకున్నారట. తిరిగొచ్చేసరికి మనిషి వాడిపోయి ఉన్నారు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, మెడలో దారంతో ఒక బ్యాడ్జీ. ఆ బ్యాడ్జీని తీసి అమ్మవారి పటం పక్కన మేకుకి తగిలించారు.

మర్నాడు నేను చీపురు పట్టుకోబోతే వద్దన్నారు.

"రా అమ్మీ. ఇకమీదట నువ్వు నా పక్కన నిలబడాల. ఎవరైనా సీటీ ఇస్తే గట్టిగా సదవాల. నేను మందు తీసి నీ సేతిలో పెడతాను. దాని మీద ఏటుందో మళ్ళా గట్టిగా సదవాల. అప్పుడియ్యాల."

"ఎందుకలాగ?"

"అక్కడ అలాగే సెప్పేరు. సదువు."

నాకు పట్టరాని సంతోషం. కౌంటరు దగ్గర నేను! ఆ ట్రైనింగు పెట్టిన కాలేజీకి మనసులో దండం పెట్టుకున్నాను. రాయగడ డాక్టర్ల రాత ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఒకాయన అక్షరాలు గీతలో కలిసిపోయేవి, ఒకావిడ మొదటి అక్షరం మాత్రం రాసి మిగతాది మన దయకి వదిలేసేది. నేను తడబడితే ఆయన కళ్ళు మూసుకుని, "రోగం ఏటన్నాడు? జ్వరమా? ఏ డాక్టరు? అయితే అది ఫలానా మందు, మళ్ళా సూడు" అనేవారు. చూస్తే అదే ఉండేది. సంత రోజున కొండల మీంచి దిగిన జనం "బాబూ, జొరొ" అంటూ జ్వరం మందు కోసం వరస కట్టేవారు. ఆ గోలలో నా గొంతు బొంగురుపోయేది. అత్తయ్యగారు టీ తెచ్చి, "ప్రార్థన అయిపోనాదేటి? కానుక పళ్ళెం తిప్పమంటావా?" అని వేళాకోళం చేసేవారు. మావయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వేవారు. నిజం చెప్పాలంటే నా జీవితంలో నేను బాగా నేర్చుకున్న రోజులు అవే. ఏ మందు దేనికి, దేంతో కలిపి ఇవ్వకూడదు, ఎవరికి తగ్గించి ఇవ్వాలి, ఏ మాట ఎలా చెబితే కొండ మనిషికి అర్థమవుతుంది, అన్నీ ఆ చదవడంలోనే వచ్చాయి. తిట్లు కూడా తగ్గిపోయాయి. ట్రైనింగు మహిమే అనుకున్నాను.

ఆ మధ్యలోనే కాలేజీ నుంచి ఒక సారు చూడ్డానికి వచ్చాడు. ఓ మూల స్టూలు మీద కూర్చుని మా పని అంతా గమనించాడు. వెళ్ళేటప్పుడు మావయ్యగారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఈ గట్టిగా చదివించడం చాలా బాగుందండీ. మా ట్రైనింగులో మాకే తట్టలేదు. వచ్చేసారి నుంచి అందరికీ చెప్తాం" అన్నాడు. మావయ్యగారు నవ్వి ఊరుకున్నారు.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. సారు వీధి మలుపు తిరిగాడో లేదో అడిగేశాను. "అక్కడ సెప్పలేదట కదా మావయ్యగారూ? మరి సెప్పేరన్నారేటి?"

"ఆ సారుకి గుర్తులేదులే. పని సూడు."

అది అబద్ధమని తెలిసిపోయింది. ఎందుకు ఆడారో తెలియలేదు.

వానాకాలం ముదిరింది. ఓ రాత్రి కురిసిన వానకి షాపు కప్పు కారింది. ఒక అర తడుస్తోందని అత్తయ్యగారు తెల్లవారుజామునే లేచి, ఆ అరలోని డబ్బాలు తీసి పక్క అరలో సర్దారు. ఆవిడకి తెలుగు తప్ప చదవడం రాదు. ఆయనకి చెప్పడం మర్చిపోయారు. నేను వెళ్ళేసరికి షాపు తీసే ఉంది. మావయ్యగారు ఒక్కరే ఉన్నారు. కొల్నార వైపునుంచి ఒకాయన తలమీద గోనెసంచి కప్పుకుని వచ్చి, వాళ్ళావిడకి మలేరియా జ్వరమని, నిన్నటినుంచి మెతుకు ముట్టలేదని చెబుతున్నాడు. మావయ్యగారు అరలోకి చెయ్యి పెట్టి ఒక బిళ్ళల షీటు తీశారు. బొటనవేలితో దాన్ని తడిమారు. కాగితంలో చుట్టి ఆయన చేతికిచ్చేశారు.

ఆ గోనెసంచి ఆయన మెట్లు దిగుతుంటే నేను ఎక్కుతున్నాను. అలవాటైపోయింది కదా, "ఏదీ, ఇలాగియ్యండి, సదువుతాను" అని కాగితం విప్పాను. షుగరు బిళ్ళలు! జ్వరంతో తిండి లేక పడున్న మనిషికి షుగరు తగ్గించే బిళ్ళలు! ఆ షీటు ఆ ఊరు చేరి ఉంటే ఆవిడ తెల్లారి లేచేది కాదు. పేరు గట్టిగా చదివాను. మావయ్యగారు కౌంటరు అంచు రెండు చేతులతో పట్టుకున్నారు. నేనే వెతికి మలేరియా బిళ్ళలు తీసి, ఎలా వెయ్యాలో చెప్పి ఆ కొల్నార ఆయన్ని పంపించాను.

"మావయ్యగారూ, ఇలా సూడండి" అన్నాను. ఆయన నా వైపు తిప్పారు మొహం. నా మొహానికి కొంచెం పక్కగా చూస్తున్నారు. అప్పుడు అర్థమైంది. ఓరి దేవుడా, ఇన్నాళ్ళూ ఎలా తెలియలేదు నాకు!

"ఎప్పట్నుంచి?"

"సలికాలం కాడ్నుంచి అమ్మీ. విశాఖలో సూపించేను. షుగరు కంటి ఎనక్కి దిగిపోనాదట. ఉన్న సూపు ఉన్నన్నాళ్ళే అన్నారు. పెద్ద పెద్దవి తెలుస్తాయి. అక్షరాలు పోనాయి." అరల వైపు చెయ్యి చాపి, "ఏది ఎక్కడుందో నా సేతికి తెలుసు కదా అనుకున్నాను" అన్నారు.

అత్తయ్యగారు తలుపు దగ్గర నిలబడి ఏడుస్తున్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. "ఎవరికీ సెప్పకమ్మీ. తెలిస్తే లైసెన్సు తీసుకుపోతారు. ఈ షాపు లేకపోతే ఈయన బతకరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. భయంతో వచ్చిన కోపం అది. "ఆయన బతకాల, సరే. ఆ కొల్నార ఆవిడ బతకొద్దేటి అత్తయ్యగారూ?" అని అరిచేశాను. పెద్దావిడ మీద అలా అరిచానే అని ఇప్పటికీ బాధే గానీ, ఆ మాట మాత్రం తప్పు కాదు.

"అది అన్నది నిజమే" అన్నారు మావయ్యగారు. "ఏడవకే. నిజమే."

ఆ రోజునుంచి నేను లేకుండా ఒక్క మందు కూడా ఆయన చెయ్యి దాటలేదు. నేను భోజనానికి వెళ్తే షట్టరు సగానికి దింపేసేవారు. పొద్దున్న నేను వచ్చేదాకా తీసేవారు కాదు. మిగిలిన రోజులు మేం పని చేసుకుంటూనే ఉన్నాం, కానీ మా ఇద్దరి తలల్లోనూ ఒకటే ఆలోచన. నా ట్రైనింగు అయిపోతుంది. నేను వెళ్ళిపోయాక ఎవరు చదువుతారు? ఇంకో స్టూడెంటు వస్తాడని ఆయన ఆశ. ఆ ఏడాది పిల్లలందరూ బరంపురం, కటకం ఆసుపత్రులు కోరుకున్నారని కాలేజీ నుంచి తెలిసింది. రాయగడ బజారులో మందుల షాపుకి ఎవరొస్తారు?

నేను ఉండిపోతానన్నాను. ఉద్యోగం కోసం ఎదురుచూపుల్లో ఎలాగూ ఖాళీగానే ఉంటాను, మీ దగ్గరే పని చేస్తానన్నాను. ఆయనకి చెప్పలేనంత కోపం వచ్చింది. ఆయన ట్రైనింగు నుంచి వచ్చాక అదే మొదటిసారి ఆయన గొంతు ఎదురు షాపుదాకా వినబడటం.

"మీ అమ్మ రాత్రి డ్యూటీలు సేసి సదివించింది నిన్ను! నాకు కళ్ళయి పడుండడానికేటి? పొట్టంగిలో ఉద్యోగం ఉందంటన్నారు కదా, ఎల్లు! నీ కౌంటరు కాడ నువ్వు నిలబడు!"

"మరి మీరు?"

"నా సంగతి నేను సూసుకుంటాను."

ఎలా చూసుకుంటారు? అదే నా గుండెల్లో రాయిలా ఉండిపోయింది. ఆయన మొండితనం నాకు తెలుసు. సంత రోజు, ఎదురుగా జనం, వెనక నిండా అరలు. చెయ్యి ఊరుకుంటుందా? ఎవరికైనా చెప్పాలా అని అమ్మని అడిగాను. "ఆయన నోటితో ఆయన్నే సెప్పనీ. నువ్వు ఎల్లేలోపు సెప్పకపోతే నేను అడుగుతాను" అంది.

ఆఖరి రోజు నేను ట్రైనింగు పూర్తి చేశానని ఆయన సంతకం పెట్టాలి. కాగితం కౌంటరు మీద పరిచి, ఆయన వేలు పట్టుకుని సంతకం చోటున ఉంచాను. పెద్ద సంతకం ఆయనది, చివర కొక్కెం తిప్పి గీత కొట్టే అలవాటు. ఆ గీత కాగితం దాటి కౌంటరు చెక్క మీదకి వెళ్ళింది.

"సరిగ్గా వచ్చిందేటి?"

"వచ్చింది మావయ్యగారూ." నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుపెందుకే? అవతల మనిషి నిలబడి ఉన్నాడు. సీటీ తీసుకో, సదువు" అన్నారు.

పొట్టంగి బస్సు ఎక్కడానికి ముందురోజు అమ్మకి జ్వరం వచ్చింది. రక్తం చూస్తే మలేరియా. ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ పట్టుకుని నేను బజారుకి వెళ్ళాను. ఇంకో షాపుకి వెళ్ళొచ్చు. కానీ ఆయన ఏం చేస్తున్నారో చూడాలి నాకు. చూడకుండా వెళ్ళలేను.

సంత రోజు. షాపు బార్లా తెరిచి ఉంది. మావయ్యగారు ఇస్త్రీ చొక్కాతో కౌంటరు వెనక నిటారుగా కూర్చున్నారు. ముందు నలుగురైదుగురు జనం ఉన్నారు. వరస చివర నిలబడ్డాను.

మొదటాయన చీటీ ఇచ్చాడు. మావయ్యగారు దాన్ని మొహం దగ్గరగా పెట్టుకుని, చదువుతున్నట్టే కాసేపు ఉంచుకుని, తిరిగి ఇచ్చేశారు. "స్టాకు లేదు బాబూ. ఎదురు షాపుకెల్లు."

తర్వాత ఒక ముసలామె వచ్చింది. "స్టాకు లేదమ్మా."

ఆ తర్వాతి కుర్రాడు కొంచెం గడుసువాడు. ఆయన వెనక అరల వైపు వేలు చూపించాడు. "అన్ని మందులుంటే లేదంటారేటి బాబూ? మరి అవేటి?"

"అవా? ఖాళీ డబ్బాలు నాయనా" అన్నారు మావయ్యగారు.

ఒక్కటీ ఖాళీ కాదు. అన్నీ నేను దింపి, తుడిచి, మళ్ళీ ఎక్కించిన డబ్బాలే. ఇంట్లో కూర్చోలేక రోజూ షాపు తీస్తున్నారు. తీసి, వచ్చిన ప్రతి మనిషినీ పంపించేస్తున్నారు. లోపలి గుమ్మంలో అత్తయ్యగారు నన్ను చూసి, ఏమీ అనొద్దన్నట్టు చేత్తో సైగ చేశారు.

నా వంతు వచ్చింది. చీటీ చాపాను. ఆయన తీసుకుని మొహం దగ్గర పెట్టుకున్నారు. "స్టాకు లేదమ్మా."

"నేను సదవనా మావయ్యగారూ?"

ఆయన చీటీ కిందికి దించారు. నా వైపు చాపారు. "సదువు."

అమ్మ పేరుతో సహా చదివాను. ఆయన లేచి, అరల వెంట చెయ్యి పోనిస్తూ వెళ్ళి, ఒక డబ్బా దగ్గర ఆగి, షీటు తీసి నా చేతిలో పెట్టారు. "ఇప్పుడు సదువు."

అవే. మలేరియా బిళ్ళలే. పేరు చదివాను. పవరు దగ్గరకి వచ్చేసరికి నా మాట నాకే వినబడలేదు.

"గట్టిగా సదువమ్మీ. వినబడ్డం లేదు."

మొదట్నుంచీ మళ్ళీ చదివాను. పేరు, పవరు, తేదీ. ఆయన తలూపి, కాగితంలో చుట్టి ఇచ్చారు. "తిన్నాకే వెయ్యమని సెప్పు మీ అమ్మకి. ఇక ఎల్లు, జ్వరం మనిషి ఒక్కత్తీ ఉంది."

నేను పక్కకి జరిగాను. నా వెనకున్న మనిషి చీటీ చాపాడు. దాన్ని అందుకుని నేను చదివితే అయిపోతుంది. నా చెయ్యి లేచింది కూడా. "ఎల్లమన్నాను కదా" అన్నారు మావయ్యగారు, నా వైపు తిరగకుండానే. ఆయన ఆ చీటీ తీసుకుని మొహం దగ్గరగా పెట్టుకున్నారు.

"స్టాకు లేదు బాబూ" అన్నారు.